జాగ్రత్త: ‘కరెంటు బిల్లు సగం చేస్తం’ అని గేటు కొడుతున్నరు

హనుమకొండ, కాజీపేట దిక్కు సొంతిండ్లు ఉన్నోళ్లు ఇది ఒకసారి చదువుండ్రి. ఎండలు ముదిరినయంటే మెడల ఐడీ కార్డు, చేతుల ట్యాబ్‌తోని పిలగాండ్లు వస్తరు. మస్తు మర్యాదగ ‘సార్, పోయిన నెల బిల్లు ఒకసారి చూపిస్తరా’ అంటరు. నేను చూపించిన. మోసం అక్కడ్నే మొదలైంది.

అది 2024 మే బిల్లు, 412 యూనిట్లు. మాది పైఅంతస్తు, పొద్దంతా స్లాబు కాలుతది, రాత్రంతా ఏసీ. వాడకం చార్జీనే 2,804 రూపాయలు, మిగతా చార్జీలు వేరే. పిలగాడు ట్యాబ్‌ల ఏదో కొట్టి ‘నెలకు 1,500 మిగుల్తది సార్, మూడేండ్లు కాకముందే మీ పైసలు మీకొస్తయి’ అన్నడు. ప్యాకేజీ 48,500. ఐదు బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతోని తిరిగే) ఫ్యాన్లు, 14 ఎల్‌ఈడీ లైట్లు, స్లాబు వేడెక్కకుంట తెల్ల కూల్ కోటింగు, మీటరు పక్కన ఒక పవర్ సేవర్ డబ్బా. జూన్ ఆఖర్ల అన్నీ బిగించి పోయిండ్రు.

జులైల 236 యూనిట్లే వచ్చింది. ఎంత సంబురపడ్డనంటే బామ్మర్దికి, పరకాలల ఉన్న మా అత్తమ్మకు నేనే ఫోన్ చేసి మరీ చెప్పిన. దాని సంగతి తర్వాత చెప్త.

దసరాకు ఇల్లు దులుపుతుంటే పాత బిల్లుల కట్ట దొరికింది. 2023 జులైది చూస్తే 276 యూనిట్లు. ఏ డబ్బా లేనప్పుడు, ఏ కోటింగు లేనప్పుడు! వానలు పడ్డయి, ఏసీ బందైంది, బిల్లు దిగింది. ఏటా జరిగేదే. వాళ్లు మే నెల బిల్లే ఎందుకడిగిండ్రో, జూన్ ఆఖర్లనే ఎందుకు బిగించిండ్రో నాకప్పుడు సమజైంది. మే పక్కన జులైని పెడితే ఎవ్వలికైనా సగమే కనపడ్తది.

జులైకి జులై చూస్తే తగ్గింది 40 యూనిట్లు, రూపాయల్ల 308. ఇట్ల ప్రతి నెలా మిగిలినా నా 48,500 తిరిగి రావాల్నంటే పదమూడేండ్లు పడ్తది.

ఆ 40 కూడా ఫ్యాన్ల పుణ్యమే, అది దాచను. పాత ఫ్యాను 75 వాట్లు తాగుతది, ఇది 30 దగ్గర ఆగుతది. దినాం 12 గంటలు తిరిగే ఫ్యాను మీద నెలకు 16 యూనిట్ల దాకా మిగుల్తయి. కానీ మా ఇంట్ల గంతసేపు తిరిగేటియి మూడే. ఒకటి దేవునర్రల, ఇంకోటి చుట్టాలొస్తేనే తలుపు తీసే రూముల పెట్టిచ్చుకున్న. నాకంటే తెలివితక్కువోడు ఉంటడా. మూడు ఫ్యాన్లు దుకాణంల కొనుక్కుంటే 9,000ల అయిపోయేది.

లైట్ల ముచ్చట ఇంకా అన్యాలం. వాళ్లు పీకేసినయి కూడా ఎల్‌ఈడీ ట్యూబులే. 20 వాట్లది తీసి 18 వాట్లది పెట్టిండ్రు. కూల్ కోటింగు అనేది అబద్ధం కాదు, మన రాష్ట్రంల 2023ల దానికోసం పాలసీ కూడా తెచ్చిండ్రు. కానీ మాకు రాసింది ఏం రంగో ఆ దేవునికే తెల్వాలె. ఆగస్టు ఆఖరు వానలకు స్లాబు పైపుల నుంచి పాలోలె తెల్లనీళ్లు కారినయి.

ఇగ ఆ డబ్బా. దాంట్ల ఒక కెపాసిటరు (ఫ్యాన్ల ఉండే కండెన్సర్ అసొంటిది), ఒక పచ్చలైటు ఉంటయి. పెద్ద ఫ్యాక్టరీలల్ల బిల్లింగు వేరే తీరు, అక్కడ పవర్ ఫ్యాక్టర్ (గుంజిన కరెంటుల నిజంగ పనికొచ్చేదెంత అనే లెక్క) సరిచేస్తే బిల్లు తగ్గుతది, కెపాసిటర్లు పెట్టుకుంటరు. మన ఇంటి మీటరు నిజంగ కాలిన యూనిట్లే లెక్కపెడ్తది. దానికి కెపాసిటరు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నా మాట నమ్మకుండ్రి, మీరే చూసుకోండ్రి. మీటరు మీద ఎర్రలైటు మిణుకుతది గదా, యూనిట్‌కు ఎన్నిసార్లో మీటరు మీదనే రాసుంటది, మాది 1600. ఇంట్ల అన్నీ బంద్ పెట్టి బోరు మోటరు ఒక్కటే ఏసి, ఐదు నిమిషాలు ఫోన్‌ల వీడియో తీసిన. మా చిన్నోడు లెక్కపెట్టిండు. డబ్బా లేకుండ 118. డబ్బాతోని 119. ‘డాడీ, ఇది ఇంకొకటి ఎక్కువ తింటుంది’ అన్నడు.

బామ్మర్ది కూడా అదే డబ్బా కొన్నడు, మొగోడు గట్టోడు, తట్టుకున్నడు. బాధంత అత్తమ్మ గురించే. ఆమెకు తెల్లకార్డు ఉన్నది, నెలకు 70 యూనిట్లు కాలితే ఎక్కువ. 2024 మార్చి నుంచి రాష్ట్ర సర్కారు గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపల జీరో బిల్లు. సున్నా బిల్లు వచ్చే మనిషికి కరెంటు మిగిలిస్తమని డబ్బా అంటగట్టిండ్రు, 2,500 తీసుకున్నరు. నా పేరు చెప్పి! మీ ఇంట్ల పెద్దోళ్లు ఒక్కలే ఉంటే ముందుగాల్ల వాళ్లకు ఫోన్ చేసి చెప్పుండ్రి.

ఏ సేల్స్‌మెన్ చెప్పని లెక్క ఒకటుంది. 2024ల నా బిల్లుల మీదున్న రేట్ల ప్రకారం 200 యూనిట్లకు వాడకం చార్జీ 820 రూపాయలు, 201 అయితే 1,027 దాటుతది. ఎందుకంటే 200 దాటంగనే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతది. అంటే నా జులై 236ల ఇంకో 36 తగ్గించుకుంటే 477 మిగిలేది. ప్యాకేజీ మిగిల్చిన 308 కంటే ఎక్కువ. మెట్ల కింద చల్లనీళ్ల కోసమని పాత ఫ్రిజ్ ఒకటి పెట్టుకున్నం, రోజుకు యూనిట్ పైనే గుంజుతది. దాని ప్లగ్గు పీకిన. ఖర్చు ఏమీ లేదు.

ఇప్పుడు అదే పిలగాండ్లు సోలార్ అంటూ తిరుగుతున్నరని విన్న. సోలార్ మంచిదే, ఎండకు మనకు కరువా. కానీ సెంటర్ సర్కారు సోలార్ స్కీము పీఎం సూర్యఘర్‌ల 3 కిలోవాట్లకు వచ్చే 78,000 సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాలనే పడ్తది. ‘సబ్సిడీ మేం చూసుకుంటం, ఇక్కడ సంతకం పెట్టుండ్రి’ అంటే పెన్ను ముట్టకుండ్రి. అమ్మేటోడు ఆ స్కీము పోర్టల్‌ల రిజిస్టరైన వెండరేనా, ప్యానెళ్లు మన దేశంల తయారైనయేనా చూడుండ్రి, లేకపోతే సబ్సిడీ రాదు. కోతులొచ్చి ప్యానెళ్లు పాడుచేస్తే ఎట్లనో కూడా అడుగుండ్రి, మా గల్లీల ట్యాంకు మూతలే ఉంచుతలేవు.

నా దగ్గర జీఎస్‌టీ బిల్లు లేదు, ‘ఎస్టిమేట్’ అని రాసిన పచ్చ చిట్టీ ఉన్నది. 20,000 చేతికిచ్చిన, దానికి సాక్ష్యం లేదు. మిగతా 28,500 ఫోన్‌పే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించిన, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోత. 5 లక్షల లోపల అయితే అక్కడ ఫీజు లేదు. గసొంటి పచ్చ చిట్టీ మీ ఇంట్ల కూడా ఉంటే పారేయకుండ్రి, నాకు చెప్పుండ్రి, కలిసి కేసు ఏద్దాం.