మే నెలలో సోంగ్‌కుల్ అంటూ అమ్మే ప్యాకేజీ కొనకండి

నిన్న రాత్రే కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్ నుంచి దిగాం. పెట్టెలు కూడా విప్పలేదు. ఇదే ప్యాకేజీ ఇంకో బ్యాచ్‌కి అమ్ముతున్నారని తెలిసి ఆగలేక రాస్తున్నా.

మా అమ్మాయి అక్కడ ఎంబీబీఎస్ నాలుగో ఏడు. పిల్లలు అక్కడ చదువుతున్న తల్లిదండ్రులకు ఈ ఏజెంటు ఎవరో తెలిసే ఉంటుంది, పేరు రాయను. ఇద్దరికీ కలిపి రూ.1,80,000 కట్టాం. బిష్కెక్ దగ్గరున్న బురానా స్తంభం, అలా-అర్చా పార్కు మా అమ్మాయి కూడా చూపించగలదు. నేను డబ్బు కట్టింది సోంగ్‌కుల్ సరస్సు ఒడ్డున, ఉన్ని గుడారంలో రెండు రాత్రుల కోసం.

అమ్మాయి ముందే చెప్పింది. "నాన్నా, అది 3,016 మీటర్ల ఎత్తు. మేలో కనుమ మీద మంచు పోదు. గొర్రెల కాపరులే జూన్‌లో గానీ పైకెక్కరు" అని. ఏజెంటుని అడిగితే "మేలో అయితే మంచూ ఉంటుంది, గుడారమూ ఉంటుంది, రెండూ చూడొచ్చు సార్" అన్నాడు. కన్నకూతురి మాట పక్కనపెట్టి అతని మాట నమ్మాను. ఆ తప్పు నాదే.

బూమ్ లోయ దాటి, సరస్సు దారిలో ఉన్న కొచ్కోర్ ఊరు చేరాక డ్రైవరు బండి ఆపేశాడు. ఏదో రష్యన్‌లో చెప్పాడు. అమ్మాయి ముఖం పాలిపోయింది. "దారి మూసే ఉందట నాన్నా. పైన ఒక్క గుడారం కూడా వేయలేదట. ఈ సంగతి ఏజెంటు వాళ్లకు మార్చిలోనే చెప్పాడట."

మార్చిలోనే! మేం మిగతా సగం డబ్బు కట్టింది ఏప్రిల్‌లో.

అక్కడి నుంచే ఏజెంటుకి ఫోన్ చేశాను. "ఆ దేశమంతా కొండలే కదా సార్, ఏ కొండ దగ్గర ఫొటో దిగినా ఒకటే. వాతావరణాన్ని బట్టి మారుతుందని కాగితంలో రాశాం, చదువుకోవాల్సింది" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మా ఆవిడ గుడారంలో తిందామని కట్టుకొచ్చిన పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆ ముఖం నేను మర్చిపోలేను.

ఆ డ్రైవరే మమ్మల్ని కొచ్కోర్‌లో తన చుట్టాలింటికి తీసుకెళ్లాడు. వేడి టీ, బోర్సోక్ అనే వేయించిన రొట్టె ముక్కలు, జామ్ పెట్టారు. డబ్బు ఇస్తే తీసుకోలేదు. మర్నాడు ఇసిక్‌కుల్ ఒడ్డుకు తిప్పాడు. చలికాలంలోనూ గడ్డకట్టని సరస్సు, అవతల మంచు కొండలు. అందంగా ఉంది, కాదనను. కానీ నేను అడిగింది అది కాదు.

వెళ్లాలనుకునేవాళ్లు జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మొదటి వారాల్లోపు పెట్టుకోండి. గుడారం ఇప్పించే ఊరివాళ్ల సంఘం కొచ్కోర్‌లోనే ఉంది, నేరుగా వాళ్లతోనే మాట్లాడుకోండి. వేసవిలోనూ రాత్రి గడ్డకట్టే చలి ఉంటుంది, చెట్టన్నది లేని చోటు కాబట్టి పొయ్యిలోకి పిడకలే. ఇదే ఏజెంటు కెల్‌సూ సరస్సు కూడా చూపిస్తానంటున్నాడు. అది చైనా సరిహద్దు పక్కన, ముందే సరిహద్దు అనుమతి పత్రం తీసుకోవాలి. ఆ పత్రం మీ పేరుతో కళ్లతో చూసేదాకా మిగతా డబ్బు కట్టకండి.