దత్తత పాపతో విమానం ఎక్కే ముందు: నల్లగొండలో వంటగది ఉన్న అద్దె ఇల్లు

విదేశాల్లో స్థిరపడి, నల్లగొండ శిశుగృహ (దత్తత వెళ్లేదాకా పసిపిల్లలను పెంచే కేంద్రం) నుంచి బిడ్డను దత్తత తీసుకుని వెంట తీసుకువెళ్లడానికి వచ్చే దంపతులకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: హోటల్ గది వద్దు, వంటగది ఉన్న ఇల్లు చూసుకోండి. పానగల్లు వైపు రిటైరైన ఉపాధ్యాయ దంపతులు తమ ఇంటి మేడ మీది రెండు గదుల భాగాన్ని రోజు అద్దెకు ఇస్తున్నారు. అమెరికా నుంచి వచ్చిన మేము రెండేళ్లు దాటిన మా పాపతో అక్కడే ఉన్నాం. ఇంటికి బోర్డు లేదు, తెలిసినవారి ద్వారానే దొరుకుతుంది. వంట గ్యాసు, గిన్నెలు, బట్టలు ఉతికే యంత్రం అన్నీ కలిపి అద్దె రోజుకు రెండు వేల లోపే.

జువెనైల్ జస్టిస్ చట్టానికి 2021లో చేసిన సవరణ 2022 సెప్టెంబరులో అమల్లోకి వచ్చినప్పటి నుంచి దత్తత ఉత్తర్వును కోర్టుకు బదులు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు. ఆ ఉత్తర్వు, కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ కారా ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు సిద్ధమైన తరువాత బిడ్డను తీసుకుని అదే రోజు ఢిల్లీ విమానం ఎక్కడానికి అడ్డేమీ లేదు. కానీ పుట్టిన కొద్ది రోజుల నుంచీ ఒకే ఇంట్లో, ఒకే ఆయమ్మల చేతుల్లో పెరిగిన పసిదానికి మేము ఫోటోల్లోనూ వీడియో కాల్‌లోనూ తప్ప తెలియనివాళ్లం. తనకు తెలిసిన ఎండ, తెలిసిన మాట, తెలిసిన తిండి ఉన్న ఊళ్లోనే ముందు మాకు అలవాటు పడనిచ్చి, ఆ తరువాతే ఊరు దాటించాలని అనుకున్నాం. మిర్యాలగూడలో మా వాళ్ల ఇల్లున్నా అక్కడ దిగకపోవడానికి కారణం కూడా ఇదే. చూడవచ్చే బంధువులందరూ ప్రేమతో ఎత్తుకుంటుంటే, వీరిలో అమ్మానాన్నలెవరో పాపకు ఎలా తెలుస్తుంది?

ఈ ఇంటికి నేను ఎక్కువ మార్కులు వేసేది వంటగదికే. పాపకు ఏం అలవాటో శిశుగృహలో అడిగి రాసుకున్నాం: ఉదయం బెల్లం వేసిన రాగిజావ, మధ్యాహ్నం మెత్తగా ఉడికించిన పెసరపప్పు అన్నం, రాత్రి పెరుగన్నం. ఇవి హోటల్‌లో దొరకవని కాదు, దొరికినా బిడ్డకు ఆకలి వేసిన నిమిషానికి రావు. పదిమంది పిల్లల మధ్య పెరిగిన బిడ్డ ముద్ద నమలకుండానే తరువాతి ముద్ద కోసం చూస్తుంది. పొట్ట నిండినా గిన్నెలో మిగిలినదాని మీద నుంచి చూపు తిప్పుకోదు. మా పాప బిస్కెట్ ముక్కను గుప్పిట్లో దాచుకుని నిద్రపోయేది. కుక్కర్ మూత తీసి, లోపల ఇంకా అన్నం ఉందని రోజూ చూపించగా చూపించగా గుప్పిలి వదులైంది. వంట మన చేతిలో ఉంటేనే ఇది సాధ్యం. కింది అరలో స్టీలు గిన్నెలు ఉండటం కూడా కలిసొచ్చింది. పాప వాటిని బయటికి లాగి, ఒకదానిలో ఒకటి పెట్టి, మళ్లీ తీస్తూ నా కాళ్ల దగ్గరే ఆడుకునేది.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. నల్లగొండ జిల్లా బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంతటి కష్టం తెచ్చిందో మర్రిగూడ వైపు ఊళ్లను చూసినవారికి చెప్పనక్కరలేదు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పరిస్థితి చాలా మారింది, అయినా అపార్ట్‌మెంట్లలోనూ లాడ్జీల్లోనూ బోరు నీళ్లు వాడే చోట్లు ఉంటాయి. కాచి చల్లార్చితే సరిపోతుందనుకునేవారు గమనించాలి: కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. ఈ ఇంట్లో తాగడానికీ వంటకూ ఆర్‌ఓ నీళ్లున్నాయి, ఫిల్టరు ఎప్పుడు మార్చారో ఆ తేదీ కాగితం యంత్రానికే అంటించి ఉంది. పాల డబ్బాతో వచ్చే తల్లిదండ్రులు బస ఎక్కడ కుదుర్చుకున్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.

ఇంటివాళ్ల ప్రవర్తన గురించి ఎంత చెప్పినా తక్కువే. మన వైపు పసిపిల్ల కనబడితే చేతులు చాచకుండా ఉండటం ఎవరికైనా కష్టం. తొలి రోజుల్లో పాపను ఎత్తుకోవడం, తినిపించడం, నిద్రపుచ్చడం మేమిద్దరమే చేయాలని చెప్పినప్పుడు ఆ పెద్దమ్మ ఏమీ నొచ్చుకోలేదు. సాయంత్రం వేడి వేడి పాలకూర పప్పు తెచ్చినా గడప దాటలేదు. పాప తన వైపే నోరు తెరిస్తే గిన్నె నా చేతికిచ్చి, "నువ్వే పెట్టు బిడ్డా, మేం పెడితే మాకు అలవాటైతది" అని మెట్లు దిగిపోయారు. ఎవరి పిల్ల, ఎక్కడ పుట్టింది అన్న ప్రశ్న వారి నోట రాలేదు. రిజిస్టరు కోసం మా ఇద్దరి గుర్తింపు కాగితాలు చూశారు, పాప ఫోటో వద్దంటే అడగడం మానేశారు. దత్తత పిల్లల వివరాలు గోప్యంగా ఉండాలన్నది నిబంధనల్లో రాసి ఉన్న మాటే, అయినా దాన్ని ఇలా సహజంగా పాటించేవాళ్లు అరుదు.

లోపాలు లేకపోలేదు. మేడ మెట్ల కమ్మీల మధ్య సందులు వెడల్పుగా ఉన్నాయి. మేము పాత చీర అడ్డంగా కట్టుకోవలసి వచ్చింది. స్నానాల గది నేల నున్నగా ఉంది, రబ్బరు చాప తప్పనిసరి. కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఫ్యాను, లైటు నడుస్తాయి కానీ ఏసీ నడవదు. ఏప్రిల్, మే నెలల్లో చిన్నపిల్లలతో ఇది తేలిక కాదు. పిల్లల మంచం లేదు, అయితే పరుపు నేల మీద వేసుకోనిస్తారు, మాకు అదే మేలైంది. వెలుతురులో, నలుగురి మధ్య పడుకోవడం అలవాటైన పాపకు చీకటి గది భయం. వరండా దీపం రాత్రంతా ఉంచడానికి వాళ్లు అభ్యంతరం చెప్పలేదు.

కారు కూడా వాళ్లే మాట్లాడి పెడతారు. రెండేళ్లు నిండిన పిల్లలకు విమానంలో విడిగా సీటు కొనాలి, ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ బెల్టు పెట్టాలి. బెల్టు అంటే ఏమిటో తెలియని పాప కోసం ముందు రోజు సాయంత్రమే కారు తెప్పించమంటే తెప్పించారు. మేము తెచ్చుకున్న పిల్లల సీటు బిగించి, వాకిట్లో ఆపిన కారులోనే కూర్చోబెట్టి, బెల్టు పెట్టడం తీయడం ఆటగా నేర్పాం. మరుసటి రోజు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వెళ్లి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి శంషాబాద్ చేరాం. దారిలో అడిగిన చోటల్లా డ్రైవరు ఆపాడు, పాటలు పెట్టలేదు.

తేడా బాగా తెలిసింది వీసా పని మీద ఢిల్లీ వెళ్లాకనే. అక్కడ మేము దిగిన హోటల్ చాలా ఖరీదైనది, శుభ్రమైనది. కానీ గదిలో పాలు కాచుకునే వీలు కూడా లేదు, లిఫ్టు తలుపు మూసుకున్నప్పుడల్లా పాప నా మెడ పట్టుకుని ఏడ్చేది. నల్లగొండ ఇంట్లో కుదిరిన నిద్ర, తిండి వేళలు ఉండబట్టే ఆ రోజులు గడిచాయి.

కాగితాల కోసం తాళం ఉన్న బీరువా ఇస్తారు. దేశాంతర దత్తతలపై 1993 నాటి హేగ్ ఒప్పందంలోని 23వ అధికరణం కింద, దత్తత ఆ ఒప్పందం ప్రకారమే జరిగిందని కారా ఇచ్చే కన్ఫర్మిటీ సర్టిఫికెట్ సహా అసలు పత్రాలన్నీ అందులోనే ఉంచాం. నలుగురైదుగురు బంధువులతో కలిసి దిగాలనుకునేవారికి మేడ ఇరుకు. దసరా, సంక్రాంతి రోజుల్లో వారి సొంత పిల్లలు వస్తారు కనుక భాగం ఖాళీగా ఉండదు. ప్రయాణ తేదీ ఖాయం కాకముందే ఫోన్ చేసి చెప్పి ఉంచితే, తేదీ మారినా సర్దుకుంటారు, అడ్వాన్సు పట్టుబట్టరు.