చాణక్యపురిలో నాన్న, నిజాం రైల్వే ఫైరింజను

ఢిల్లీ పహాడ్‌గంజ్‌లో ‘కిటికీ ఉన్న గది’ అని చూసి లాడ్జీ బుక్ చేసేవారు ఆ కిటికీ ఎటు తెరుచుకుంటుందో ఫోను చేసి అడగండి. మేము అడగలేదు. రాత్రికి 1,850 రూపాయల చొప్పున ముందే కట్టాము. కిటికీ ఉన్న మాట నిజమే, తెరిస్తే మూరెడు దూరంలో లిఫ్టు గోడ! గీజరుకు 150, రెండో దుప్పటికి 100 విడిగా రాశారు. గది మార్చమంటే కౌంటరు దగ్గరి మనిషి టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా “ఫొటోలో ఉన్నది ఈ గదే కదా” అన్నాడు. ఫొటోలో కిటికీకి పరదా వేసి ఉంది మరి.

నాన్నకు డెబ్బై ఎనిమిదేళ్లు. గొడవ పడలేదు గాని అప్పటి నుంచి మాటలు తగ్గించేశారు. కుతుబ్ మీనార్, ఎర్రకోట రెండు రోజుల్లో అయిపోయాయి. రెండు చోట్లా ఆయన నీడ చూసుకుని కూర్చున్నారు.

మూడో రోజు, శనివారం, చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం. న్యూఢిల్లీ స్టేషన్‌లో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఎక్కి ధౌలా కువాఁలో దిగి, పొడవాటి వంతెన మీదుగా దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషన్‌కు వెళ్లాము. మేము దిగాల్సిన మోతీబాగ్ అక్కడికి ఒక్క స్టేషనే. రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి పేరు ఢిల్లీ మెట్రోలో కనిపించిందని మా అబ్బాయికి ఆమె కథ మొదలుపెట్టాను. వాడు వినలేదు. మోతీబాగ్ నుంచి మ్యూజియానికి ఆటో 100 అడిగి 60కి వచ్చింది. వారాంతం కాబట్టి టికెట్టు పెద్దలకు 100, పిల్లలకు 20. సోమవారం సెలవు. ఇంజన్లు చాలావరకు ఆరుబయటే ఉంటాయి, పది గంటలకు తలుపు తీయగానే వెళ్లండి. మేము పదకొండున్నరకు వెళ్లి తలలు మాడ్చుకున్నాము.

లోపల బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారి గ్యారెట్ ఇంజను ముందు నాన్న ఆగిపోయారు. కాజీపేటలో ఇంజను పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరైన మనిషి, ఈ రకం మీద ఎన్నడూ ఎక్కలేదట. మధ్యలో ఒకే బాయిలరు, దానికి ముందొక ఇంజను, వెనకొక ఇంజను. నడిపే చక్రాలను వేలితో లెక్కపెట్టి “పదహారమ్మా!” అన్నారు. రెండు రోజుల్లో ఆయన నాతో తనంతట తానుగా అన్న మొదటి మాట అదే.

తరువాత పటియాలా మోనోరైలు. 1907 నాటిది, ఇంజను బెర్లిన్‌లో తయారైంది. బరువులో చాలా భాగం ఒంటి పట్టా మీద, పడిపోకుండా పక్కన రోడ్డు మీద పరుగెత్తే పెద్ద చక్రం. అప్పట్లో ఈ బండ్లను కంచరగాడిదలు కూడా లాగాయి. మావాడు దీన్ని వదలలేదు. మహారాజులు ప్రయాణించిన సెలూన్ రైలు పెట్టెలను మాత్రం నేనొక్కదాన్నే అద్దాల్లోంచి తొంగి చూశాను. బొమ్మ రైలు వరుసలో నలభై నిమిషాలు పోయాయి. పిల్లలు వెంట లేకపోతే దాని జోలికి పోకండి.

చివరన జాన్ మోరిస్ ఫైరింజను. 1914లో ఇంగ్లండులో తయారైన, మంటలార్పే ఎర్ర బండి. కొన్నది నిజాం రైల్వే అని చదివి వినిపించగానే నాన్న చెప్పులు విడిచారు. ఎందుకో నేను అడగలేదు. “మన బండి ఇంత దూరం వచ్చి కూర్చుందా” అంటూ చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఫొటో తీస్తానంటే చొక్కా సర్దుకున్నారు. పెళ్లిళ్లలో కూడా ఆయన అలా నిలబడి ఫొటో దిగరు.

ఆ రాత్రి లాడ్జీలో నాన్న మావాణ్ణి పడుకోనివ్వలేదు. వంద రూపాయల దుప్పటిని ఇంజను పొయ్యిగా పరిచి, స్టీలు చెంచాను పారగా పట్టుకుని, బొగ్గు మూలల్లో మందంగా, నడుమ పలుచగా ఎలా వేయాలో పన్నెండు దాకా చూపిస్తూనే ఉన్నారు.