పిల్లలతో కారులో: అరకు ఘాటా, భీమిలి బీచ్ రోడ్డా?

వైజాగ్ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు, భీమిలి అయితే పాతిక ముప్పై లోపే. చంటిబిడ్డ ఉన్నవాళ్లకు సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, ఇక మలుపు మీద మలుపు, చిన్నపిల్లలకు కడుపులో తిప్పడం మామూలే కాబట్టి పొద్దున తేలికగా ఏ ఇడ్లీయో పెట్టి, ఒక జత బట్టలు, రెండు మూడు కవర్లు చేతికందేలా ఉంచుకోండి. అంత కష్టానికీ ఫలితం ఉంది. అనంతగిరి కాఫీ తోటల దగ్గర అద్దం దించితే వచ్చే చల్లగాలి, బొర్రా గుహల్లో "నాన్నా, అదిగో ఏనుగు!" అంటూ రాళ్లలో బొమ్మలు వెతుక్కునే పిల్లల కేకలు, పద్మాపురం గార్డెన్స్‌లో బొమ్మ రైలు... ఇవి భీమిలి రోడ్డులో దొరకవు. గుహల్లో మెట్లు మాత్రం ఎక్కువ, ఎత్తుకునే బిడ్డ ఉంటే ఇద్దరు పెద్దవాళ్లు తప్పనిసరి.

బీచ్ రోడ్డులో టెన్షన్ తక్కువ. ఏడిస్తే ఆపొచ్చు, విసుగొస్తే వెనక్కి తిరగొచ్చు. రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు అన్నీ దారిలోనే. ఎండ తగ్గాకే వెళ్లండి, పిల్లల్ని ఇసుకలోనే ఆడించండి, అలల్లోకి వద్దు.

ఈ రెండు దారులకూ గోస్తని నదే చుట్టరికం, అనంతగిరి కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పెద్దపిల్లలకు ఇది తప్పక చెప్పండి.

నా ఓటు: మూడేళ్ల లోపైతే భీమిలి, ఐదు దాటితే అరకే. కాకపోతే రాత్రికి అక్కడే ఉండండి, అలసిన పిల్లలతో చీకట్లో ఘాట్ దిగొద్దు.