పాత ఆర్15 కొనేవారికి ఏ సంవత్సరం బండి మేలు?

ఆరేళ్లు నడిపిన యమహా ఆర్15 వెర్షన్ 2ను అమ్మేసి, 2019లో తయారైన వెర్షన్ 3ను కొన్నప్పటి నుంచి తిరుపతిలో నన్ను చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. 2018 బండి అంతకంటే తక్కువకే దొరుకుతుండగా 2019 దాని కోసం రెండు నెలలు ఎందుకు తిరిగావని ఇంజనీరింగ్ చదివే పిల్లలు అడిగితే, ఇంకా చవకలో పాతవి ఉన్నాయి కదా అని వాళ్ల నాన్నలు అడుగుతున్నారు.

2008లో వచ్చిన మొదటి ఆర్15 మీద నాకు ఎప్పటికీ గౌరవమే. 150 సీసీ బండికి లిక్విడ్ కూలింగు, ఫ్యూయల్ ఇంజెక్షను, ఆరు గేర్లు, డెల్టాబాక్స్ ఫ్రేము అన్నీ కలిపి ఇవ్వడం మన దేశంలో అప్పటికి కొత్త సంగతి. 17 పీఎస్ శక్తి, 131 కిలోల బరువు గల ఆ బండి మొగిలి ఘాట్ మలుపుల్లో ఈనాటికీ చెప్పినట్టు వింటుంది. అయితే దాని వెనక టైరు వెడల్పు 100 మిల్లీమీటర్లే. పైగా చిత్తూరు జిల్లా ఏపీ 03 నంబరుతో తిరుగుతున్న ఆ తొలి బండ్లకు పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు 2023లోనే మొదలై ఒక్కొక్కటిగా ముగుస్తూ వస్తోంది. ఆర్‌సీ పునరుద్ధరణ జరిగిందో లేదో చూడకుండా అడ్వాన్సు ఇస్తే, తనిఖీకి తిప్పడం, గ్రీన్ ట్యాక్సు కట్టడం మీ నెత్తిన పడతాయి. అపురూపంగా దాచుకోవడానికైతే కొనండి, రోజూ కాలేజీకి వెళ్లడానికి వద్దు.

2011లో వచ్చిన వెర్షన్ 2లో శక్తి పెరగలేదు కానీ వెనక చక్రాన్ని పట్టి ఉంచే అల్యూమినియం స్వింగార్మ్, 130 మిల్లీమీటర్ల వెనక టైరు, రెండుగా విడిపోయిన సీటు వచ్చాయి. ఇంజను నన్ను ఆరేళ్లలో ఒక్కసారి కూడా దారిలో నిలబెట్టలేదు. అంత మంచి బండిని వదులుకోవడానికి కారణం ఒక్క జూన్ సాయంత్రం.

తోతాపురి కాయల ట్రాక్టర్లు దామలచెరువు మండీలకు బారులు తీరే రోజులవి. కిందపడిన కాయలు లారీల కింద నలిగి, దాని మీద చిన్న తుంపర పడి, రోడ్డంతా జిగటగా ఉంది. పాకాల వైపు నుంచి నలభై వేగంతోనే వస్తున్నాను. ముందున్న ఆటో హఠాత్తుగా పక్కకు తిరగడంతో ముందు బ్రేకు గట్టిగా నొక్కాను, మరుక్షణం బండి ఒక పక్క, నేను ఒక పక్క. మోచేయి గీరుకుపోవడం తప్ప పెద్ద దెబ్బ తగల్లేదు. లేచి బండి ఎత్తాక ముందు టైరు చూశాను. పసుప్పచ్చని గుజ్జు జానెడు మేర మందంగా అంటుకుని ఉంది, మిగతా టైరంతా దాదాపు శుభ్రంగానే ఉంది. అంటే ఆ చక్రం తిరుగుతూ ఆగలేదు, పట్టేసి అలాగే జారిపోయింది.

చక్రం పట్టేయబోతున్నదని సెన్సరు చెప్పగానే బ్రేకు ఒత్తిడిని క్షణకాలం వదిలి మళ్లీ పట్టడమే ఏబీఎస్ చేసే పని. చక్రం తిరుగుతూ ఉంటేనే హ్యాండిల్ మన మాట వింటుంది. అందుకే పాత ఆర్15 విషయంలో అసలైన గీత వెర్షన్ 2కు, 3కు మధ్య కాదు, 2018కి, 2019కి మధ్య పడిందని నా అభిప్రాయం. 2018 ఫిబ్రవరిలో వెర్షన్ 3 వచ్చినప్పుడు 155 సీసీ ఇంజను, 19.3 పీఎస్, గేర్లు గబగబా దించినా వెనక చక్రం ఎగిరిపడకుండా చూసే స్లిప్పర్ క్లచ్ అన్నీ ఉన్నాయి, ఏబీఎస్ మాత్రం లేదు. రెండు చక్రాలకూ పనిచేసే ఏబీఎస్ 2019 జనవరిలో వచ్చింది. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏదో ఒక రకం ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ 1 నుంచి. కాబట్టి 2018లో తయారై, ఏబీఎస్ లేకుండానే 2019 మొదటి నెలల్లో రిజిస్టరైన బండి కూడా మీ ముందుకు రావచ్చు. 2019లో మొదలైన ఏపీ 39 నంబరు చూసి నమ్మేయకండి, ఆర్‌సీలో తయారీ నెల చూడండి. ముందు డిస్కు దగ్గర గాట్లు ఉన్న చిన్న రింగు, దాని పక్కనే సెన్సరు తీగ కనిపించాలి. తాళం తిప్పగానే మీటరులో ఏబీఎస్ దీపం వెలిగి, బండి కదిలి వేగం అందుకోగానే ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ బండి వదిలేయండి. లేని బండికి తర్వాత బిగించుకోవచ్చని ఎవరు చెప్పినా నమ్మవద్దు. హైడ్రాలిక్ యూనిటు, సెన్సర్లు, వైరింగు అన్నీ మార్చవలసిన ఆ పని ఖర్చుకూ భద్రతకూ రెండింటికీ చేటే.

కొత్త పొగ నిబంధనలకు తగ్గట్టు 2019 డిసెంబరులో ప్రకటించిన బీఎస్-6 బండిలో శక్తి 18.6 పీఎస్‌కు తగ్గింది, బదులుగా వెనక రేడియల్ టైరు, సైడ్ స్టాండు వేసి ఉంటే ఇంజను ఆగిపోయే ఏర్పాటు వచ్చాయి. వానాకాలంలో భాకరాపేట ఘాట్ దిగేవారికి ఆ టైరు నిజంగా మేలే. అయినా 7,400 ఆర్‌పీఎం దాటాక అంతకు ముందరి బీఎస్-4 ఇంజను చూపించే ఊపు నాకు ఎక్కువ నచ్చింది కాబట్టి 2019 దాన్నే ఎంచుకున్నాను. ఈ రెండింటిలో ఏది శుభ్రంగా దొరికితే అది తీసుకోవచ్చు. వెర్షన్ 3లో హ్యాండిల్ కిందికి ఉండడం వల్ల చెన్నై దాకా వెళ్లేసరికి మణికట్లు నొప్పి పెడతాయని మాత్రం ముందే చెబుతున్నాను. కూర్చునే సుఖం వెర్షన్ 2లోనే ఎక్కువ.

సీటు ఒకటే ముక్కగా ఉండే ఆర్15 ఎస్, ఇంటివాళ్లను వెనక కూర్చోబెట్టుకునేవారికి పనికొస్తుంది. 2021లో వచ్చిన వెర్షన్ 4 అన్నిటికంటే మంచి బండే కానీ, నేను వెతికినప్పటికి పాత బండి ధరకు దిగలేదు.

చెన్నై, బెంగళూరు నంబరు బండ్లు మన దగ్గరికి చవకగా వస్తుంటాయి. బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదంటూ అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే ఎన్‌ఓసీ, ఫైనాన్సు తీరినట్టు కాగితం చేతికి అందాక, ఇక్కడ కట్టవలసిన లైఫ్ ట్యాక్సును కూడా ధరలో కలుపుకొని, ఆ తర్వాతే ఏపీ 39 బండితో పోల్చి చూడండి.