కొలంబో గాల్ ఫేస్ హోటల్: వరండాకు పూర్తి మార్కులు, గది మీ ఇష్టం

చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నరలో దిగిపోయే ఊరు కాబట్టి కొలంబోను మనవాళ్ళలో చాలామంది విదేశయాత్ర కింద లెక్కే వేయరు. సింగపూర్, పినాంగ్ నగరాల్లోని పేరుమోసిన పాత హోటళ్ళకు ముందుగా డబ్బు కూడబెట్టి, గాల్ ఫేస్ హోటల్‌ను మాత్రం ఎప్పుడో చూద్దాంలే అని వాయిదా వేస్తారు. నన్నడిగితే ఈ వరుస తారుమారు కావాలి. 1864లో మొదలైన ఈ హోటల్ సింగపూర్ రాఫెల్స్ హోటల్ కంటే 23 ఏళ్ళు పెద్దది. జేమ్స్ టేలర్ 1867లో లూలేకొండెర కొండల మీద ఈ దేశపు తొలి వాణిజ్య తేయాకు తోట వేయడానికి ముందే ఇక్కడ అతిథులు దిగుతున్నారంటే, ఇది సిలోన్ టీ కంటే కూడా పాతదన్నమాట.

అయితే వయసు చూసి మాత్రమే హోటల్‌ను మెచ్చుకోనక్కరలేదు. పాతదనం పేరు చెప్పి డబ్బు గుంజేవాళ్ళకు ఏ దేశంలోనూ కొదవ లేదు. వేరొక దేశంలో, రాజభవనం తరహాలో ఉంటుందన్న ప్రకటన చూసి మేము దిగిన ఒక హోటల్లో స్తంభాన్ని వేలితో తడితే డొల్ల చప్పుడు వచ్చింది. గ్రామఫోను మీది ముల్లు కదలకుండా అతికించి ఉంది. పాట వస్తున్నది దాని వెనక దాచిన స్పీకరులోంచి. ఉదయపు ఫలహారం కిటికీ అన్నదే లేని నేలమాళిగలో పెట్టారు. అందుకే ఇలాంటి చోట్ల నేను చూసేది ఒక్కటే: పాత వస్తువు ఇంకా వాడుకలో ఉందా, లేక చూపుడు బొమ్మగా మిగిలిందా అని.

గాల్ ఫేస్ ఈ పరీక్షలో నెగ్గేది ముఖ్యంగా వరండా వల్ల. బ్రిటిష్ గవర్నర్ హెన్రీ వార్డ్ 1859లో తీర్చిదిద్దించిన గాల్ ఫేస్ గ్రీన్ అనే పొడవాటి మైదానానికి దక్షిణపు కొసన, సముద్రానికి ఆనుకుని ఈ భవనం ఉంది. వరండా దాటితే పచ్చిక, దాని పక్కన నలుపు తెలుపు గళ్ళు పరిచిన ఆరుబయలు, ఆ తరవాత అలలే. మెరీనాలో సూర్యోదయం చూడడానికి అలవాటు పడిన చెన్నైవాళ్ళకు, సూర్యుడు సముద్రంలోకి దిగడం చూస్తూ టీ తాగడమే ఒక వింత. ఆ వేళకు బ్యాగ్‌పైపు వాయించేవాడు ముందు నడవగా, హోటల్ సిబ్బంది జాతీయ పతాకాన్ని కిందికి దించుతారు. పర్యాటకుల కోసం చేసే తంతు అని కొట్టిపారేయవచ్చు గానీ, జెండాను మడత పెడుతున్న కుర్రవాడు అంచులు కలిశాయో లేదో రెండుసార్లు సరిచూసుకోవడం నేను దగ్గర నుంచి గమనించాను. తంతుగా చేసేవాడికి అంత శ్రద్ధ ఉండదు. బల్లల మీద బిస్కెట్టు ముక్కల కోసం కాచుకునే కాకులను అదిలించడానికే ఒక మనిషి తిరుగుతుంటాడు. ఆయన అటు తిరగగానే అవి ఇటు వాలుతాయి.

సాయంత్రం టీతో పాటు మూడంతస్తుల పళ్ళెంలో శాండ్‌విచ్‌లు, స్కోన్లు, చిన్న చిన్న కేకులు వస్తాయి. తీపి మోతాదు మించుతుంది కాబట్టి ఇద్దరికి ఒక పళ్ళెం చాలు. టీ విషయంలో తొందరపడకూడదు: నువర ఎలియ కొండల్లో పండే ఆకు డికాక్షన్ లేత రంగులో, పూల వాసనతో ఉంటుంది కనుక దానిలో పాలు కలిపితే రుచి చచ్చిపోతుంది. పాలు లేనిదే గొంతు దిగనివారు చిక్కగా దిగే దింబుల ప్రాంతపు ఆకు అడగడం మంచిది. ఫిల్టర్ కాఫీ మీద ఆశ పెట్టుకోకండి.

ఉదయపు ఫలహారంలో ఇంగ్లీషు వంటకాల వైపు వెళ్ళకుండా, ఆప్పాలు, ఇడియాప్పాలు ఉన్న వైపే నిలబడాలని నా గట్టి సలహా. కొబ్బరిపాలలో ఉడికించిన పలచటి పప్పు, కొబ్బరిపాల అన్నాన్ని ముద్ద చేసి పలకలుగా కోసిన కిరిబత్, దానికి తోడు ఎండుమిరప కారం, చివర్లో గేదె పెరుగు మీద పోసుకునే కితుల్ (జీలుగు చెట్టు) పాకం, ఇవన్నీ మన నాలుకకు దగ్గరివే. శాకాహారులు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చూడడానికి అచ్చంగా మన కొబ్బరి పచ్చడిలా ఉండే పోల్ సంబోలలో మాల్దీవుల నుంచి వచ్చే ఎండు చేప పొడి సాధారణంగా వేస్తారు. కారంలోనూ, ఉల్లిపాయల సంబోలలోనూ అదే వరస. మా అత్తగారు తన మాంబళం తమిళంలో "మాసి (ఆ ఎండు చేప) ఉందా నాయనా" అని అడిగిందే తడవు, వడ్డించే అతను తమిళంలోనే జవాబిచ్చి, చేప లేకుండా అప్పటికప్పుడు నూరించి, నిమ్మరసం పిండిన సంబోల తెచ్చి పెట్టాడు. ఆ తరవాత ఆవిడ దృష్టిలో ఆ హోటల్‌కు తిరుగు లేకుండా పోయింది.

గదుల గురించి చెప్పవలసింది తక్కువ. శుభ్రంగా, సౌకర్యంగా ఉన్నాయి; ఎత్తైన కప్పు, చెక్క నేల బాగున్నాయి. సముద్రం వైపు గది దొరక్కపోతే ఆ ఖర్చుకు న్యాయం జరగదని నా లెక్క. అలాంటప్పుడు మరో చోట బస చేసి, సాయంత్రం ఇక్కడికి టీకి వచ్చినా సగానికి పైగా అనుభవం దక్కుతుంది.

మిగతా భాగమంతా మనుషుల వల్ల దక్కేదే. కేరళ నుంచి వలస వచ్చి, 1942లో ఇక్కడ కొలువులో చేరి, 2014లో కన్నుమూసే వరకూ పనిచేసిన చాత్తు కుట్టన్, తెల్లని మీసంతో గుమ్మంలో నిలబడి నమస్కరిస్తూ ఈ హోటల్‌కు ముఖచిత్రంగా మారాడు. రోదసియాత్రికుడు యూరీ గగారిన్ వంటి అతిథుల పేర్లు ఈ హోటల్ గొప్పగా చెప్పుకుంటుంది గానీ, నాకు మాత్రం ఆ గుమ్మం మనిషి కథే పెద్దది. మన చెన్నైలోని కన్నెమరా హోటల్‌తో పోలిక తెచ్చేవారికి ఒక చిన్న కొసరు: 1970లలో కన్నెమరాకు కొత్త రూపం ఇచ్చినవాడు కొలంబోకు చెందిన వాస్తుశిల్పి జెఫ్రీ బావానే. అంగడి సందడి నడుమ ఉన్న కన్నెమరాలో ప్రశాంతత కోసం లోపలి కొలను దగ్గరికి వెళ్ళాలి. ఇక్కడ కుర్చీ పశ్చిమానికి తిప్పుకుంటే చాలు.

బిల్లు చూసి ఉలిక్కిపడకుండా ఉండాలంటే, శ్రీలంక హోటళ్ళ ధరల పక్కన ప్లస్ గుర్తులు ఉన్నాయేమో ముందే చూసుకోవాలి; ఉంటే, 10 శాతం సర్వీసు ఛార్జీ, 2024 జనవరి నుంచి 18 శాతానికి పెరిగిన వ్యాట్ అదనంగా పడతాయి. జనవరి నుంచి మార్చి వరకు కొలంబోలో వానలు తక్కువ కాబట్టి వరండా సుఖం పూర్తిగా దక్కుతుంది. పున్నమి నాడు దేశమంతటా మద్యం అమ్మకం నిషేధం కనుక, పానశాల కోసం వెళ్ళేవారు పంచాంగం చూసుకుని గది బుక్ చేసుకోవాలి. టీ కోసం వెళ్ళేవారికి ఆ ఇబ్బంది లేదు.