కారు తీయకుండా గడిచే ఊరు: డేవిస్ సైకిల్ దారుల్ని ఏళ్ల తరబడి వాడాక

కాలిఫోర్నియాలో శాక్రమెంటో నుంచి పడమటికి పాతిక కిలోమీటర్ల లోపే డేవిస్. 2020 జనాభా లెక్కల్లో 67 వేలకి కాస్త తక్కువ తేలిన చిన్న ఊరు. ఒక పక్క యూనివర్సిటీ, చుట్టూ టమాటా చేలు, బాదం తోటలు, ఊరిని కోసుకుంటూ పోయే ఐ-80 ఫ్రీవే. అమెరికాలో సైకిళ్ల రాజధాని అని దీనికి పేరు. ఇక్కడికి చదువుకో ఉద్యోగానికో వస్తున్న తెలుగువాళ్లు ఆ పేరు ఎంతవరకు నిజమని అడుగుతుంటారు. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచి ఆఫీసుకి, కూరగాయలకి, లైబ్రరీకి, పాప చిన్నప్పుడు దాన్ని డేకేర్‌లో దింపడానికి, అన్నిటికీ నేను సైకిలే వాడుతున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, రోజువారీ పనులకి ఇంతకంటే హాయిగా సైకిల్ తొక్కగలిగే అమెరికన్ ఊరు నాకు తగల్లేదు. చాలామంది దానికి కారణం రోడ్డు పక్కన వేసిన తెల్ల గీతలు అనుకుంటారు. ఇన్నేళ్లు తొక్కాక నాకు అర్థమైంది వేరు. గీతలు ఏ ఊరైనా వేసుకోవచ్చు. ఇంటి గుమ్మం నుంచి వెళ్లాల్సిన చోటు దాకా దారి మధ్యలో తెగకుండా ఉండటమే డేవిస్ బలం.

మా ఇల్లు ఊరికి ఉత్తరాన. మా వీధి చివర కార్లకి దారి మూసుకుపోతుంది. సైకిల్‌కి మాత్రం రెండు ఇళ్ల ప్రహరీల మధ్య సన్నటి సిమెంటు బాట వదిలారు. రెండు సైకిళ్లు ఎదురైతే ఒకరు కాలు కింద పెట్టి ఆగాల్సినంత వెడల్పు. అది దాటితే గ్రీన్‌బెల్ట్, అంటే ఇళ్ల పెరళ్ల వెనక పార్కులా పొడుగ్గా సాగే పచ్చని పట్టీ. దాని మధ్యలో తారు బాట. కోవెల్ బులవార్డ్ అనే పెద్ద రోడ్డు అడ్డొచ్చిన చోట సైకిళ్లకీ నడిచేవాళ్లకీ వేరే వంతెన ఉంది. అది దిగితే కమ్యూనిటీ పార్కు, పక్కనే హైస్కూలు, అక్కణ్ణించి చెట్ల నీడలో ఇళ్ల వీధులు, ఆ తర్వాత డౌన్‌టౌన్. కారులో అయితే నేను సిగ్నళ్ల దగ్గర ఆగుతూ, చుట్టూ తిరిగి, పార్కింగ్ వెతుక్కుని అంతే సేపట్లో చేరతాను. ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి అరచేయిలా చదునుగా ఉండటం కూడా కలిసొచ్చింది. గేర్లు లేని సైకిల్ ఉన్నా సరిపోతుంది.

ఆ సన్నటి సిమెంటు బాట గురించి ఇంకొంచెం చెప్పాలి. నా దృష్టిలో ఊరు మొత్తంలో అన్నిటికంటే విలువైనది అదే. 1970ల నుంచి ఇక్కడ కట్టిన కాలనీల్లో ఇదో పద్ధతిగా స్థిరపడింది. కారు తిరిగి వెనక్కి రావాలి, సైకిల్ నేరుగా పోవచ్చు. పడమటి వైపున్న విలేజ్ హోమ్స్ అనే కాలనీలో దీన్ని పూర్తిగా చూడొచ్చు. మైకేల్, జూడీ కార్బెట్ దంపతులు 1970లలో కట్టించారు. ఇళ్ల ముఖాలు పళ్ల చెట్లున్న బాటల వైపు, కార్ల వీధులు సన్నగా వెనక వైపు. అక్కడ సైకిల్ తొక్కేవాళ్లకి ఊరు చిన్నదవుతుంది, కారు నడిపేవాళ్లకి పెద్దదవుతుంది. ఎవరికీ ఉపదేశాలు చెప్పనక్కర్లేకుండా జనం సైకిల్ తీస్తారు, ఎందుకంటే అదే దగ్గర దారి.

ఇదంతా దానంతటదే రాలేదు. 1960లలో యూనివర్సిటీ పెరుగుతున్నప్పుడు అప్పటి ఛాన్సలర్ ఎమిల్ మ్రాక్, క్యాంపస్‌ని సైకిళ్ల కోసం, చెట్ల నీడతో ప్లాన్ చేయమని ఆర్కిటెక్టులకి చెప్పాడు. క్యాంపస్ నడిబొడ్డులోకి కార్లు రాకుండా చేశారు. ఊళ్లో మాత్రం పట్టుబట్టింది మామూలు జనమే. నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో కొన్నాళ్లు ఉండి వచ్చిన ఫ్రాంక్, ఈవ్ చైల్డ్ దంపతులు అక్కడ చూసినవి ఇక్కడ ఎందుకు ఉండకూడదని మొదలుపెట్టారు. సంతకాలు సేకరించారు. 1966 సిటీ కౌన్సిల్ ఎన్నికల్లో సైకిల్ లేన్లు పెద్ద చర్చ అయ్యాయి, వాటిని సమర్థించినవాళ్లు గెలిచారు. రోడ్డు మీద సైకిళ్లకి ప్రత్యేకంగా లేన్ కేటాయించాలంటే రాష్ట్ర చట్టాన్నే మార్చాల్సి వచ్చింది. 1967లో ఎయిత్ స్ట్రీట్ మీద గీసిన లేన్లని అమెరికాలో ఆధునిక సైకిల్ లేన్లకి మొదలుగా చెబుతారు.

ఆ తొలి రోజుల్లో మూడు రకాలు ప్రయత్నించి చూశారు. ఒకచోట కేవలం గీత, ఒకచోట కాంక్రీటు గట్టుతో వేరు చేసిన లేన్, ఇంకోచోట ఆగిన కార్లకీ ఫుట్‌పాత్‌కీ మధ్య లేన్. చివరికి గీతే నిలిచింది. ఎక్కువగా జంక్షన్ల దగ్గర వచ్చిన చిక్కుల వల్లే మిగతా రెండూ వదిలేశారు. ఆ చిక్కుకి విరుగుడు కోవెల్, జె స్ట్రీట్ కలిసే చోట 2015లో వచ్చింది. డచ్ పద్ధతిలో కట్టిన జంక్షన్ అది. మూలల్లో చిన్న కాంక్రీటు దీవులు ఉంటాయి. కుడికి తిరిగే కారు ఆ దీవిని చుట్టి రావాలి కాబట్టి వేగం తగ్గుతుంది. అది తిరిగేసరికి సైకిల్ మీదున్న మనం డ్రైవర్‌కి పక్క అద్దంలో కాకుండా ఎదురుగా కనిపిస్తాం. మొదట్లో ఆ వంకర బాట చూసి విసుక్కున్నవాళ్లని నేనెరుగుదును. మామూలు జంక్షన్‌లో నేను ఇప్పటికీ భుజం మీదుగా వెనక్కి రెండు సార్లు చూస్తాను. అక్కడ ఆ టెన్షన్ లేదు. రసెల్ బులవార్డ్, సికమోర్ లేన్ కూడలిలో సైకిళ్లకి విడిగా సిగ్నల్ 1990ల నుంచే ఉంది. సైకిల్ బొమ్మ పచ్చగా వెలిగితే కార్లన్నీ ఆగుతాయి, పొద్దున్న క్యాంపస్ వైపు వెళ్లే గుంపు ఒక్కసారిగా దాటుతుంది.

ఫిఫ్త్ స్ట్రీట్ సంగతి కూడా చెప్పాలి. నాలుగు లేన్ల రోడ్డు, సైకిల్‌కి చోటే ఉండేది కాదు. దాన్ని అటొకటి ఇటొకటి, మధ్యలో ఎడమకి తిరిగే లేన్‌గా మార్చి, రెండు పక్కలా సైకిల్ లేన్లు వేయాలన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. ట్రాఫిక్ స్తంభిస్తుందని భయపడ్డారు. 2014లో పూర్తయింది. మారకముందు ఆ రోడ్డు తప్పించుకుని పక్క వీధుల్లో పోయేదాన్ని. ఇప్పుడు నేరుగా పోతున్నాను. కారులో వెళ్లిన రోజుల్లో కూడా నాకు ఆలస్యం పెరిగినట్టు అనిపించలేదు.

మా మావయ్యగారు తెనాలిలో టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సైకిల్ మీదే స్కూలుకి వెళ్లారు. ఇక్కడికి వచ్చినప్పుడు మొదటి రోజు పాప ఒక్కతే బ్యాగు తగిలించుకుని సైకిలెక్కి స్కూలుకి బయల్దేరితే కంగారుపడ్డారు. "అమ్మాయ్, వెనక ఎవరూ వెళ్లరా? రోడ్డు దాటాలి కదమ్మా!" అన్నారు. "పదండి మావయ్యగారూ, చూపిస్తాను" అని ఆయన్ని వెంటబెట్టుకుని ఆ దారంతా నడిపించాను. గ్రీన్‌బెల్ట్, రోడ్డు కింద నుంచి పోయే సొరంగం, మళ్లీ గ్రీన్‌బెల్ట్, స్కూలు వెనక గేటు. సొరంగంలో ఆగి పైన కార్లు వెళ్తున్న చప్పుడు విన్నారు. "అయితే పిల్ల అసలు రోడ్డు దాటదన్నమాట" అన్నారు. మర్నాటి నుంచి పాత సైకిల్ ఒకటి తీసుకుని రోజూ సాయంత్రం ఆయనే గ్రీన్‌బెల్ట్ మీద షికారు మొదలుపెట్టారు. ఒక ఊరు సైకిళ్లకి అనువైనదా కాదా అని తేల్చడానికి ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. బిగుతు బట్టలేసుకుని రేసు సైకిల్ మీద పోయేవాళ్లు ఎక్కడైనా తొక్కుతారు. పదేళ్ల పిల్ల, డెబ్భై దాటిన పెద్దాయన తొక్కుతున్నారా అన్నదే చూడాలి.

ఇక లోపాలు. ఉన్నాయి, కొన్ని బాధ కలిగించేవే.

శీతాకాలం మొదట్లో ఆకులు రాలినప్పుడు జనం తమ పెరటి చెత్తంతా ఊడ్చి రోడ్డు పక్కన కుప్ప పోస్తారు. పెద్ద ఇనుప పంజా ఉన్న యంత్రం వచ్చి ఎత్తుకుపోతుంది. అది వచ్చేదాకా ఆ కుప్పలు ఉండేది ఎక్కడ? సైకిల్ లేన్‌లోనే. చీకటి పడ్డాక, వానలో, తడి ఆకుల కుప్ప కనిపించదు. 2016లో ఇంటింటికీ పెద్ద చెత్త డబ్బాలు ఇచ్చాక ఈ బెడద తగ్గింది కానీ ఆకులు రాలే కాలంలో ఇప్పటికీ ఉంది. సైకిళ్ల ఊరని చెప్పుకునే చోట ఇది పూర్తిగా పోవాలి.

పాత బాటల మీద చెట్ల వేళ్లు తారుని పైకి లేపేశాయి. రసెల్ పక్కన పెద్ద చెట్ల వెంట సాగే బాట చూడ్డానికి ఎంతో బాగుంటుంది, తొక్కితే నడుం పట్టేస్తుంది. ఆ రోడ్డు వెంబడే ఆలివ్ చెట్లున్నాయి. వాటి పళ్లు రాలి బాట మీద నలిగి జారుడుగా ఉండేవి, సైకిళ్ల వాళ్లు పడిపోయేవాళ్లు. యూనివర్సిటీ వాళ్లు ఆ కాయలు కోసి నూనె తీసి 2005 నుంచి అమ్మడం మొదలుపెట్టారు. సమస్యకి ఇంత చక్కటి పరిష్కారం చూపిన ఊరు వేళ్ల సంగతి కూడా చూసుకోగలదు, అందుకే అడుగుతున్నాను.

వేసవి చివర్లో బాటల అంచున ఎండిన గడ్డిలో పల్లేరు కాయలు. అవును, మన పల్లేరే. మావయ్యగారు టైరులోంచి ఒకటి పీకి అరచేతిలో పెట్టుకుని "మన చేలగట్ల మీదది ఇక్కడిదాకా ఎలా వచ్చిందమ్మా" అన్నారు. కాయ టైరులో విరిగిపోయి ముల్లు లోపలే ఉంటుంది. గాలి ఒక్కసారిగా పోదు, రాత్రికి రాత్రి నెమ్మదిగా పోతుంది. పొద్దున్న ఆఫీసుకి బయల్దేరేసరికి టైరు నేలకి అంటుకుని ఉంటుంది. ట్యూబు మార్చేముందు టైరు లోపల వేలితో చుట్టూ తడిమి ముల్లు తీసేయకపోతే కొత్త ట్యూబు కూడా పోతుంది.

ఫ్రీవే దాటడం ఇంకో బాధ. సైకిళ్ల కోసం ప్రత్యేకంగా కట్టిన వంతెన మీదుగా దాటితే ఇబ్బంది లేదు. కార్లు ఫ్రీవే ఎక్కే దిగే ర్యాంపుల దగ్గర దాటాల్సి వస్తే మాత్రం డ్రైవర్లు అప్పటికే వేగం పెంచేసి ఉంటారు. దారి తెగడమంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. మా పాపని అటు వెళ్లనివ్వను. శాక్రమెంటో వైపు ఫ్రీవే పక్కనే బాట ఉంది, కానీ ఆ హోరు, రాత్రి ఎదురుగా కళ్లలో పడే హెడ్‌లైట్లు, గాజు పెంకులు. నేను సైకిల్‌తో సహా రైలెక్కేస్తాను. బోగీలో సైకిళ్లు కట్టుకునే చోటు ఉంటుంది.

దొంగతనాలు ఎక్కువే. ఈమధ్య ఇంకో కొత్త సమస్య, థ్రాటిల్ తిప్పితే చాలు గంటకు 32 కిలోమీటర్ల దాకా పోయే ఎలక్ట్రిక్ సైకిళ్లు. గ్రీన్‌బెల్ట్ మీద టీనేజి పిల్లలు వాటితో దూసుకుపోతుంటే చంటిపిల్లల్ని నడిపించే తల్లులు జంకుతున్నారు. ఎలక్ట్రిక్ సైకిళ్లంటే నాకు ఇష్టమే, బియ్యం బస్తా వేసుకుని రావడానికి అంతకంటే మంచి సాధనం లేదు. వేగానికి మాత్రం హద్దు పెట్టాలి.

పోయినసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ పైకప్పు ట్రాక్ మీద తొక్కాను. మొత్తం 23 కిలోమీటర్లు, పైన ప్యానెళ్ల నీడ. జులైలో 40 డిగ్రీలు దాటే డేవిస్‌లో అలాంటి నీడ ఉంటే ఎంత బాగుండునో అనిపించింది. అయితే అక్కడికి వెళ్లడానికి మా చెల్లెలు సైకిళ్లని కారు డిక్కీలో పెట్టింది. ఇంటి గేటు నుంచి ట్రాక్ దాకా సైకిల్ మీద వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు. నార్సింగి, కోకాపేట వైపు కాలనీలు ఒకదాని పక్కన ఒకటి ఎత్తయిన గోడలతో ఉన్నాయి. పక్క కాలనీలో స్కూలుకి వెళ్లాలన్నా మెయిన్ రోడ్డెక్కాల్సిందే. ఆ గోడల్లో అక్కడక్కడా సైకిల్, మనిషి పట్టేంత దారి వదిలితే చాలు, మా వీధి చివర సిమెంటు బాట లాంటిది. దానికి కోట్లు అక్కర్లేదు. రెండు అసోసియేషన్లు కూర్చుని మాట్లాడుకుంటే అయిపోతుంది.

సెప్టెంబరులో కొత్తగా వచ్చే విద్యార్థులకి కొన్ని మాటలు. వెడల్పు టైర్ల పాత సైకిల్ కొనండి, మెరిసే కొత్తది వద్దు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరిగా పెట్టుకోండి. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడి పొగమంచులో పది గజాల అవతల సైకిల్ కనిపించని రోజులుంటాయి. తాడు లాంటి కేబుల్ తాళం పనికిరాదు. ఇనుప యూ-లాక్ తీసుకుని చక్రాన్నీ ఫ్రేమునీ కలిపి స్టాండుకి వేయండి. క్యాంపస్‌లో క్లాసులు మారే సమయంలో సైకిల్ సర్కిళ్లు, అంటే సైకిళ్లు గుండ్రంగా తిరిగి వెళ్లే కూడళ్లు, కిక్కిరిసిపోతాయి. సర్కిల్లో ఉన్నవాళ్లకి దారివ్వండి, అపసవ్యంగా తిరగండి, మధ్యలో ఆగకండి. అద్దె ఇల్లు చూసేటప్పుడు క్యాంపస్‌కి ఎన్ని మైళ్లని అడిగి ఊరుకోకండి. ఒక మైలు ఎక్కువైనా గ్రీన్‌బెల్ట్ పక్కనున్న ఇల్లే మేలు. క్లాసులు నడిచే రోజు పొద్దున్న ఎనిమిదింటికి ఆ దారిలో ఒకసారి తొక్కి చూసుకుని, అప్పుడు లీజు మీద సంతకం పెట్టండి.